వెనక్కి తిప్పిన గంట

పూతలపట్టు కూడలిలో బస్సు ఆగినప్పుడు టైము తొమ్మిదిన్నర అని పక్కసీటు ఆమె ఫోను చూసి చెప్పింది. అంటే పదిన్నరకి, మహా అయితే పదిముప్పావుకి తిరుపతిలో ఉంటాను. పన్నెండు లోపల సంతకం పెట్టమన్నారవ్వా అని రాత్రి పాప ఫోనులో చెప్పింది, పన్నెండు లోపల అంటే పదకొండుకూ పెట్టొచ్చు, పదికీ పెట్టొచ్చు, ఏ పనీ చివరి నిమిషం దాకా ఆపే పిల్ల కాదు అది, బడికి కూడా గంట ముందే పోయి గేటు తీసేదాకా గోడ నీడన కూర్చునేది. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు, వాడి గ్లాసులో టీ ఎంత మిగిలిందో కిటికీలోంచి చూస్తున్నాను, ఊదుకుంటూ ఊదుకుంటూ తాగుతున్నాడు, ఏం వేడి అంత వేడి, మొఖాన కొట్టిందా ఏమన్నా, ఛీ, ఏం మాట అనుకుంటున్నాను నేను, ఆవిరి మొఖాన కొట్టిన మనిషి తిరుపతి ఆసుపత్రిలో కళ్లకు కట్లు కట్టుకుని పడుకుని ఉంటే. పొద్దున్నే బంగారుపాళ్యంలో బస్సెక్కి, చిత్తూరులో దిగి, ఈ తిరుపతి బస్సు ఎక్కాను. ఎక్కేముందు కొట్టువాడి చేత పాపకు ఫోను చేయించాను, ఆపేసి ఉందన్నాడు. ఎత్తినా ఏం చెప్పేదాన్ని. ఇట్లాంటి మాట కొట్టుముందు నిలబడి ఫోనులో చెప్పేదా. కండక్టరు వచ్చి ఆధారు కార్డు అడిగాడు, ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు లేదు కదా, కార్డు చూపిస్తే సున్నా అని కొట్టి ఇస్తారు. ఆ కార్డు తీసి, అటు చూసి ఇటు చూసి, “ఏం అవ్వా, ఈ ఫోటో నీదేనా? ఎవురో వయసు పిల్లది మాదిరి ఉండాదే” అన్నాడు. నోరు ఊరుకుంటుందా నాకు, “నాదే నాయనా, నువ్వు పుట్టకముందు తీసింది” అన్నాను. “ఆధారొచ్చి పదహైదేండ్లే గదవ్వా అయింది, నన్ను బడి పిల్లోడు అంటాండావే” అన్నాడు, బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా గుర్తు లేకుండా ఒక్క నిమిషం గడిచిందంటే ఇదే, ఆ ఒక్క నిమిషానికి సిగ్గేసి కార్డు రొంటిన దోపుకుని కిటికీ వైపు తిరిగాను.

పాప అంటే నా మనవరాలు, హేమశ్రీ. నా కొడుకు మునిచంద్ర కూతురు. వాళ్లమ్మ జ్వరంతో పోయినప్పుడు దానికి ఆరేళ్లు, అప్పటినుంచి నా పక్కలోనే పెరిగింది. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పని, ఫ్యాక్టరీల యంత్రాలకు తగిలించే డబ్బాలు తయారు చేస్తారు వాళ్లు, డబ్బా అంటే చేటంత ఉంటుంది, దానిలో చిన్న కంప్యూటరు. మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనూ అదే డబ్బా. సోమవారం పొద్దున ఆ డబ్బా ఆవిరిని ఆపవలసిన టైముకు ఆపలేదు, ముప్పై ఏళ్లుగా మాతో పని చేసిన సుందరరాజు ఆవిరి తొట్టి మూత తీశాడు, కాలిపోయాడు. డబ్బాలో రాత తప్పని, ఆ రాత రాసింది హేమశ్రీ అని, తప్పు నాదే అని కాగితం రాసి సంతకం పెట్టమని వాళ్ల కంపెనీ దాన్ని పట్టుకుంది. తప్పు దానిది కాదు. తప్పు నాది. ఇంత చిన్న మాట. పిడికెడు కూడా లేదు. నా జీవితంలో వాగినదంతా మూటగడితే ఈ బస్సు పట్టదు, ఈ ఒక్క మాట నాలుగు రోజులుగా నోటికి రాలేదు. బస్సు కదిలింది. చింతచెట్లు వెనక్కి పోతున్నాయి, తోపులు, తోపుల్లో రాలి కుళ్లిన కాయల పులుపు వాసన, మా ఊరి వాసనే, జూన్ నెలంతా ఈ జిల్లా ఇదే వాసన వేస్తుంది.

దాని పనేమిటో నాకు అర్థమయ్యేదాకా చెప్పేది, అది దాని గొప్పతనం. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు నేను సంగటి గెలుకుతుంటే పొయ్యి పక్కన కూర్చుని చెప్పింది. కంప్యూటరుకూ యంత్రానికీ మధ్య మాట మోసే రాత ఒకటి ఉంటుందట, ఆవిరి గొట్టానికొకటి, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లుకొకటి, చీటీ కొట్టే మిషనుకొకటి, డ్రైవరు అంటారట దాన్ని. ఆ రాతలన్నీ ఎప్పుడో పాతకాలంలో రాసినవి. ఇంత సేపు ఆవిరి ఇవ్వాలి అనుకో, మొదలుపెట్టేటప్పుడు గడియారం టైము అడిగి రాసిపెట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ అడిగి, ఇప్పటి టైములోంచి అప్పటి టైము తీసేసి, ఎంతసేపయిందో చూసుకుంటుంది. “గడియారమంటే ఎవరైనా తిప్పొచ్చు గదా అవ్వా,” అంది, “ముందుకు తిప్పితే టైముకు ముందే ఆపేస్తాది. వెనక్కి తిప్పితే, ఇంకా మొదలే కాలేదనుకుంటాది.” ఇంకోటి కూడా ఉందట, ఆ పాత అడుగుడు సెకండ్లు లెక్కబెట్టేది పంతొమ్మిది వందల డెబ్బై నుంచట, ఇంకో పన్నెండేళ్లకు ఆ లెక్కపెట్టే గిన్నె నిండిపోయి తిరగబడుతుందట, అప్పుడు నూరేళ్లకు పైగా వెనక్కి పోయినాననుకుంటుందట యంత్రం. డెబ్బైలో నాకు పద్నాలుగేళ్లు. మొగిలి తిరునాళ్లలో మా నాయన నాకు గాజులు కొనిచ్చి, అదే రోజు పెళ్లిమాట ఖాయం చేసుకుని వచ్చాడు. ఎవరో ఎక్కడో కూర్చుని లోకంలోని యంత్రాలన్నిటికీ అక్కడినుంచి లెక్క మొదలుపెట్టారంటే నవ్వొచ్చింది నాకు, గిన్నె నిండేటప్పటికి నేనుండను లేవే అన్నాను. “నువ్వుంటావు, నేను లెక్క మార్చేస్తాండా గదా” అంది. అదే దాని పని. పాత అడుగుడు ఎక్కడెక్కడ ఉందో వెతికి, తీసేసి, కొత్తది పెట్టడం. కొత్తది గోడ గడియారాన్ని అడగదు. కరెంటు ఇచ్చిన క్షణం నుంచి లోపల తనకు తానే లెక్క పెట్టుకుంటూ పోతుంది. ఎవరూ ముందుకు తొయ్యలేరు, వెనక్కి లాగలేరు. మా డబ్బాలో అట్లాంటి చోట్లు ఇరవయ్యేడు ఉన్నాయట. ఎండుమిరపకాయల్లో తొడిమెలు తీసినట్టు కూర్చుని తీస్తోంది, ఆరు నెలలుగా.

అది చెప్తుంటే నాకు తెలిసిన సంగతే అనిపించింది, అదే నేను చెప్పాను కూడా. నేను ఫ్యాక్టరీలో చేరిన కాలంలో ఈ డబ్బాలెక్కడివి, గోడకొక గడియారం ఉండేది, అది వారానికోసారి నిద్రపోయేది. రేకు డబ్బాల్లో నింపిన గుజ్జును తొట్టిలో దించి నలభై నిమిషాలు ఉడకబెట్టాలి. మా ఆయన చిన్నబ్బ బాయిలరు దగ్గర, ఆయన లెక్క బీడీలు, ఆరు బీడీలకు ఒక తొట్టి అనేవాడు, దిగులుగా ఉన్న రోజు గబగబా పీల్చేసేవాడు, ఆ రోజు గుజ్జు పచ్చిగా వచ్చేది. చూసి చూసి, నువ్వు లెక్కబెట్టు మొగిలమ్మా అన్నాడు అప్పటి మేస్త్రీ. నాకు నూరు దాకానే వచ్చు. నూరు లెక్కబెట్టి ఒక టెంక పక్కన పడేస్తాను, మళ్లీ నూరు, మళ్లీ టెంక. ఇరవై నాలుగు టెంకలకు ఆవిరి ఆపితే గుజ్జు బంగారంలా ఉండేది. కాయలు కోస్తూ, మాట్లాడుతూ, పిల్లకు పాలిస్తూ కూడా లోపల లెక్క నడుస్తూనే ఉండేది, ఎవరన్నా టైమెంత అని అడిగితే తెలియదనేదాన్ని, ఎంతసేపయిందని అడిగితే చెప్పేదాన్ని. ఇది విని పాప నా రెండు చేతులూ పిండితో సహా పట్టుకుంది. “అవ్వా, నేను చేసేది ఇదే! ఇంత చదివి చేసేది ఇదే!” అంది. వాళ్ల ఆఫీసులో అందరికీ చెప్పిందట, మా అవ్వ టెంకల లెక్క అని. అందుకే, నాకు తెలియదు అనడానికి లేదు. చదువులేని ముసలిది, యంత్రం సంగతి దానికేం తెలుసు అని ఎవరన్నా దయతలిస్తే ఆ దయ నాకు చెల్లదు. అయ్యో, బస్సు మళ్లీ ఆగింది. గొర్రెలు. రోడ్డుకు అడ్డం గొర్రెలు, ఒకటి పోతే ఒకటి, కాపరి తొందరపడడం లేదు, హారను కొట్టవయ్యా, కొట్టు, పాప ఇప్పుడు కలం తీస్తుంటుందేమో.

“తిరుపతిలో ఎవురుండారు అవ్వా?” అని పక్కనున్న ఆమె అడిగింది. మనవరాలు అన్నాను. “పెండ్లి సేసినారా?” లేదన్నాను. “ఇంకా సేయలేదా” అని పెదవి విరిచింది. వేరే రోజైతే మేం ఇద్దరం చంద్రగిరి దాకా ఆ మాటే మాట్లాడుకునేవాళ్లం.

శనివారం మధ్యాహ్నం పాప ఫోను వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో బాయిలరు చూసేది నా కొడుకే, అక్కడ ఫోన్లు ఉండకూడదు కాబట్టి తన ఫోను ఇంట్లో పెట్టిపోతాడు, నేను ఎత్తాను. “అవ్వా, నాయనకి ఒక మాట చెప్పు. మర్చిపోవద్దు. ఇరవయ్యారు మార్చేసినా, ఒకటి మిగిలింది, తొట్టి ఆవిరిది. రాసేసినాను, నా దగ్గర రెడీగా ఉండాది, కానీ ఫ్యాక్టరీవాళ్లు సోమవారం సీజను మొదలుపెట్టాల్సిందే అంటాండారు. శుక్రవారం నేనే వచ్చి మారుస్తా. అంతదాకా డబ్బాలో గడియారం మాత్రం ముట్టుకోవద్దను. తొట్టి నడిచేటప్పుడు అసలే ముట్టుకోవద్దను.” సరేలే తల్లీ అన్నాను. సాయంత్రం వాడు వచ్చాడు, స్నానానికి నీళ్లు తోడాను, ఎదురింటి వాళ్ల గేదె ఈనిందని చెప్పాను, కిరసనాయిలు కాలం నాటి కథ ఏదో చెప్పాను, ఈ ఒక్కటీ చెప్పలేదు. మరచిపోయాను. ఆదివారం రాత్రి మళ్లీ ఫోను, “నాయనకి చెప్పినావా?” అంది. వాడు నిద్రపోతున్నాడు. పొద్దున్నే చెప్పొచ్చులే అనుకున్నాను, ముసలిదానికి మరపు వచ్చిందని దానికి అనిపించడం ఇష్టంలేక “సెప్పినా” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఉప్పు వేశావా అంటే వేశాను అన్నట్టు.

ఇక సోమవారం. సోమవారం గురించి తలుచుకోకూడదనుకుంటూనే నాలుగు రోజులూ అక్కడే ఉన్నాను. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది, సీజనులో మొదటి తొట్టి దిగిందంటే డబ్బా ఒక చీటీ కొడుతుంది, మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము దాని మీద పడతాయి, ఆ చీటీకి పసుపు కుంకుమ పెట్టి ఆఫీసు గదిలో దేవుడి పటానికి అంటిస్తారు, ఏడాదంతా అట్లే ఉంటుంది. మొదటి గుజ్జు డబ్బా నా చేతిమీదుగా బయటికి రావాలి, నా చేతివాసి మంచిదని పని మానేసినా ఆ ఒక్క పూట నన్ను పిలుస్తారు. సోమవారం రాహుకాలం ఏడున్నరకు. ఆరింటికే తొట్టి మొదలుపెట్టాల్సింది, కరెంటు పోయింది, ఆవిరి ఎక్కలేదు, మొదలుపెట్టేటప్పటికి ఏడూ పావు. నలభై నిమిషాలంటే ముగింపు రాహుకాలంలో పడుతుంది, చీటీమీద అది అచ్చవుతుంది, ఏడాదంతా దేవుడి పక్కన అదే ఉంటుంది. మూడేళ్ల కిందట అట్లాగే పడింది. ఆ ఏడాది కాయలు కొనే దిక్కులేక రోడ్లమీద పారబోశారు, ఆ నెలలోనే మా ఆయన బాయిలరు ముందర గుండె పట్టుకుని కూర్చుని మళ్లీ లేవలేదు. నా కళ్లముందు అదే మెదిలింది. బయట డప్పులు, పలకలు వాయిస్తున్నారు, అందరూ దిష్టి గుమ్మడికాయ కొట్టే దగ్గర ఉన్నారు, కంప్యూటరు డబ్బా దగ్గర నేనూ నా కొడుకూ. “రేయ్, ఆ గడియారం ఒక గంట ఎనక్కి తిప్పు. సీటీలో మంచి టైము పడతాది” అన్నాను. వాడు నా వైపు చూశాడు. “మా, తొట్టి నడస్తాండాది. ఇప్పుడు తిప్పితే ఏమన్నా అవతాదేమో.” అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒట్టు, అప్పుడే గుర్తొచ్చింది, పాప మాట, ముట్టుకోవద్దను అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. గుర్తొచ్చి కూడా ఏమన్నానంటే, “గడియారమే గదరా, ఆవిరి గాదే” అన్నాను. వాడు తల్లిమాట వినే కొడుకు. రెండు బొత్తాములు ఒక్కసారి నొక్కి పట్టుకున్నాడు, ఏడూ ఇరవై కాస్తా ఆరూ ఇరవై అయింది.

ఆవిరి పాపం తన పని తాను చేస్తూ పోయింది. సుందరరాజు చేతికి ఎప్పుడూ గడియారం ఉంటుంది, తాళం తిప్పే పాత గడియారం, రేడియోలో వార్తల టైముకు దాన్ని సరిచేసుకుంటాడు, మా ఊళ్లో సరైన టైము వాడి చేతికే ఉందని నవ్వుకునేవాళ్లం. ఏడూ యాభై అయిదుకు నలభై నిమిషాలు నిండాయి. ఎప్పుడూ ఆ టైముకు ఆవిరి ఆగుతుంది. కాసేపు చల్లారనిచ్చి, మూత దగ్గరికి పోయాడు. ముల్లు చూసే అద్దం రెండేళ్లుగా మసకబారి ఉంది, ఆవిరి చప్పుడు పలకల మోతలో కలిసిపోయింది. “వదినా, మంచి సెయ్యి కడుక్కోని రా, డబ్బా దీస్తాండా” అని నన్ను పిలిచాడు, మూత మర తిప్పుతూ. వాడి గడియారం సరిగ్గానే ఉంది. అంత సరిగ్గా లేకపోయి ఉంటే, కాస్త ఆలస్యంగా నడిచే గడియారమైనా ఉంటే, ఇంకో మాట ఏదో మాట్లాడుకుంటూ నిలబడేవాళ్లం. ఆ అరుపు సంగతి నేను చెప్పను. పలకలు ఆగిపోయాయి. నా కొడుకు పరుగెత్తి చేత్తో ఆవిరి కట్టేశాడు, అప్పుడు డబ్బా చీటీ కొట్టింది, టక్కుమని, ఏమీ ఎరగనట్టు, మొదలు ఏడూ పదిహేను, ముగింపు ఏడూ ఏడు. మొదలు కాకముందే ముగిసిందట. వాడు దాన్ని చూశాడు, నా మొఖం చూశాడు, చింపి బాయిలరులో వేశాడు. గడియారం మళ్లీ సరిచేశాడు. మేమిద్దరం ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. అన్నం వడ్డిస్తాను, తింటాడు. కంచం కడుగుతాడు. ఇంతకుముందు ఎప్పుడూ కడిగేవాడు కాదు.

సుందరరాజు భార్య భారతమ్మ నా పక్కన కూర్చుని ముప్పై సీజన్లు కాయలు కోసింది. ఆంబులెన్సు ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుని, “అక్కా, నువ్వు దేవునికి దండం పెట్టుకో, నీ సెయ్యి మంచిది” అంది. ఈ చెయ్యి. నిన్న ఫోను చేసి, కుడికన్ను పూర్తిగా పోయిందట, ఎడమదాని గురించి డాక్టర్లు ఏమీ చెప్పడంలేదు అంది, “ఎవురో రాసింది తప్పంట గదక్కా డబ్బాలో” అంది, ఆ ఎవరో మా పాప అని దానికింకా తెలియదు. పాప మంగళవారం ఫోను చేసింది, “అవ్వా, మొత్తం చదివినా, ఎక్కడ తప్పిందో కనబడలేదు” అంది. బుధవారం, “నాయన గడియారం ముట్టుకోలేదు గదా? నువ్వు చెప్పినావు గదా? అయితే నా రాతలోనే ఎక్కడో ఉండాలి” అంది. తిన్నావా అంటే తిన్నాను అంది, తినలేదని గొంతే చెప్తోంది. నిన్న రాత్రి ఎక్కువ మాట్లాడలేదు. సంతకం సంగతి చెప్పి, నేను వస్తానంటే, “రా అవ్వా, బస్టాండుకు వస్తా” అంది. ఆ కాగితం మీద సంతకం పెడితే పోలీసులు రాసుకునే పేరు దానిది. ఇంకే కంపెనీ దాన్ని పిలవదు. ఇరవై అయిదేళ్లకు దాని లెక్క అక్కడితో ఆగిపోతుంది.

పానపాకం దాటాము. ఏమని చెప్పాలి. వరసగా చెప్పాలి, కథలు చెప్పినట్టు అటూ ఇటూ పోకూడదు. పాపా, నువ్వు చెప్పమన్నది నేను మీ నాయనకు చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాను. తిప్పమన్నది నేనే. మూడు మాటలు. నాలుగో మాట ఉంది, వేళ్లు వాడివి. బొత్తాము నొక్కింది ఎవరు అని అడుగుతారు పోలీసులు, ముసలిది చెప్పింది అంటే ఎవరు వింటారు, నడిచే తొట్టి మీద గడియారం తిప్పింది ఎవడు, చీటీ చింపింది ఎవడు. నోరు తెరిస్తే కొడుకు పోతాడు, మూస్తే మనవరాలు పోతుంది. రాత్రంతా అటూ ఇటూ తూచాను, ఒకరిని తూస్తుంటే ఇంకొకరు ఏడుస్తున్నట్టుంటుంది. చివరకు ఏమనుకున్నానంటే, బొత్తాము నొక్కింది నేనే అంటాను. నా చేతులే అంటాను. ఎవరు చూశారు, అందరూ గుమ్మడికాయ దగ్గరే ఉన్నారు కదా. ముసలిదాన్ని, తెలిసీ తెలియక నొక్కాను, నన్ను తీసుకుపోండి అంటాను. ఇది ముందే ఎందుకు తట్టలేదు నాకు. సోమవారమే ఎందుకు అనలేదు. భయమేసింది. అంతే, చెప్పడానికి ఇంకేమీ లేదు, పదిమందిలో భారతమ్మ ముందు ఆ మాట అనడానికి భయమేసింది, ఒకరోజు ఆగుదామనుకున్నాను, ఆ రోజు నాలుగయింది. చంద్రగిరి కోట కొండ కనబడింది, ఎండ దానిమీద తెల్లగా పడుతోంది. కండక్టరు, “అవ్వా, యాడ దిగతావు?” అని అరిచాడు. బస్టాండులో అన్నాను.

బస్సు ఆగకముందే చూశాను దాన్ని. కమ్మీని ఆనుకుని నిలబడి ఉంది, జడ కూడా సరిగ్గా వేసుకోలేదు. నేను దిగుతుంటే వచ్చి నా చేతిలో సంచి అందుకుంది. టైమెంత అన్నాను. పదకొండుకు పది నిమిషాలు అంది. హమ్మయ్య అనుకున్నాను.

“పాపా, ఆడికి పోవద్దు. సంతకం పెట్టద్దు. నేనొక మాట సెప్పాల నీకు.”

“పెట్టేసినా అవ్వా. తొమ్మిదికే ఇచ్చేసి వచ్చినా. ఫోను కూడా వాళ్లకే ఇచ్చేసినా, ఆఫీసుది గదా.”

నన్ను పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్లు ఇచ్చి, అది కూడా కూర్చుంది.

“నా రాతలో తప్పు లేదవ్వా,” అంది మెల్లగా, రోడ్డు చూస్తూ. “డబ్బాలో ఇంకో లెక్క ఉంటాది, కరెంటు ఇచ్చినప్పటినుంచి నడిచేది, నేనే పెట్టినా. నిన్న సాయంత్రం అది తీసి గడియారం పక్కన పెట్టి చూసినా. నడిచే తొట్టి మీద గడియారం గంట వెనక్కి పోయిండాది. మళ్లీ ముందుకొచ్చిండాది. నాయనే. డబ్బా దగ్గర ఇంకెవరుంటారు?”

“పాపా...”

“నువ్వు చెప్పినా వినలేదు ఆయన. నేను ఈ లెక్క చూపిస్తే, ముందే చెప్పినా తెలిసి తిప్పినాడని కేసు ఆయన మీదికి పోతాది. అందుకే ఆ లెక్క చెరిపేసి, నాదే తప్పని రాసిచ్చినా. నాకు తెలుసని ఆయనకి చెప్పొద్దు. కానీ అవ్వా, ఇంక ఆయన మొఖం చూడలేను నేను. భారతమ్మత్త ఆసుపత్రిలో నా కాళ్లు పట్టుకుంది నిన్న, కంప్యూటరు చదివినావు గదమ్మా, తప్పు ఎవురిదో కనుక్కో అని. ఈయన చెయ్యి, తెలిసి తెలిసి...”

“మీ నాయనకి తెలీదు పాపా.” వరసగా చెప్పాలనుకున్నది ఏ వరసలోనూ రాలేదు. “నేను సెప్పలేదు వానికి. సెప్పినానని నీకు అబద్ధం సెప్పినా. తిప్పమనింది నేనే. వాడు వద్దంటానే ఉన్నాడు.”

అది ఏడవలేదు. కోప్పడలేదు. “ఎన్ని గంటలకి తిప్పమన్నావు?” అని అడిగింది.

“ఏడూ ఇరవైకి.”

తల ఊపింది. దాని లెక్కకు నా లెక్క సరిపోయినట్టుంది. సంచి కాడ మెలిపెడుతూ కూర్చుంది. ఇప్పుడే పోదాం, మీ ఆఫీసుకు నన్ను తోడుకుపో, బొత్తాము నొక్కింది కూడా నేనే అని చెప్తాను, నన్ను పట్టుకుపోనీ అన్నాను. బతిమాలాను. చేతులు పట్టుకున్నాను.

“ఇప్పుడు చెప్తే నేను రాసింది అబద్ధమని తేలతాది. చెరిపేసింది ఎందుకంటారు. నేనూ పోతా, నాయనా పోతాడు.” నా చేతుల్లోంచి చెయ్యి తీసుకుంది, విదిలించలేదు, తీసుకుంది. “సోమవారం చెప్పింటే, ఆయనకి తెలీక జరిగింది అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఆ లెక్క కూడా ఉన్నింది అప్పుడు. ఎవురూ పోయేవాళ్లు కాదు అవ్వా.”

లేచింది. ఆసుపత్రికి పోదాం పద అంది. సంచి భుజాన వేసుకుని నడిచింది. ఎప్పుడు నాతో నడిచినా నా అడుగుకు తన అడుగు తగ్గించుకుని, నా మోచేయి కింద చెయ్యి పెట్టి నడిచేది, అయిదడుగులకొకసారి కాళ్లు నొప్పిగా ఉన్నాయా అని అడిగేది. ఇప్పుడు ముందు నడుస్తోంది. కొండ దిగి వచ్చిన వాళ్లు గుంపుగా ఎదురొచ్చారు, గుండ్లు, గంధం పూసిన గుండ్లు, ఆడవాళ్లవీ మగవాళ్లవీ పిల్లలవీ, నా ఇద్దరు పక్కలా పారుతున్నట్టు పోతున్నారు. వాళ్ల మధ్యలోంచి దాని పసుపు చున్నీ కాసేపు కనబడింది. నేను పిలవలేదు. ఏ పేరు పెట్టి పిలిస్తే ఆగుతుందో నాకు తెలియలేదు.